పసుపు గోలెం

మా అత్తగారింట్లో నన్ను సరిగ్గా చూసుకోలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కడుపుతో ఉన్నప్పుడు నన్ను చూసుకున్నంత భద్రంగా ఆ వాడలో ఏ కోడలినీ చూసుకొని ఉండరు. బావికి పంపలేదు, బరువు ఎత్తనివ్వలేదు, మగ్గం గుంటలోకి దిగనివ్వలేదు. నీడలో కూర్చోబెట్టి, కూర్చొని చేసుకునే పని చేతికిచ్చారు. ఆ చూసుకోవడమే నా కొంప ముంచింది. ఇది చెప్పబోతే ఇప్పటికీ నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది.

మాది నేత కులం. నా పుట్టిల్లు పానగల్. మా బాపు తెల్ల పంచెలు, ముతక దుప్పట్లు నేసేవాడు, రంగుల జోలికి పోయేవాడు కాదు. నన్నిచ్చిన ఇల్లు తిరుమలగిరి వైపు. సాగర్ కట్ట పనికి జనం పిల్లాజెల్లాతో తరలిపోతున్న రోజులవి. మగ్గం కన్నా రాళ్లు మోసే కూలే నయమని మా వాడలోనూ కొందరు గుంటలు పూడ్చి వెళ్లిపోయారు. మా అత్తగారింట్లో మాత్రం చేతినిండా పని. కారణం ఆ ఇంటి పసుపు రంగు. పెళ్లి బట్టలకు, చీరల అంచులకు చుట్టుపక్కల నేతగాళ్లు నూలు తెచ్చి మా దగ్గరే రంగు వేయించుకునేవాళ్లు. అది వంటింటి పసుపు కాదు. వంటింటి పసుపు రెండు ఉతుకులకు వెలిసిపోతుంది. ఇది బట్ట చిరిగినా పోదు.

పెరట్లో రెండు పెద్ద మట్టి గోలేలు ఉండేవి. ఒకదాంట్లో తెల్ల మందు నీళ్లు, రెండో దాంట్లో ఎర్ర మందు నీళ్లు. అంగట్లో ఆ పేర్లు చెప్పే తెచ్చేవాళ్లు, అసలు పేర్లు ఎవరికీ తెలియవు. తెల్ల మందు చూడటానికి పటికబెల్లం పలుకుల్లా ఉండేది. నూలు చిలపలను, అంటే చుట్టలుగా కట్టిన నూలును, ముందు తెల్ల మందు నీళ్లలో ముంచి, పిసికి, పిండి, ఆ తడి మీదే ఎర్ర మందు నీళ్లలో వేస్తే కళ్ల ముందే పచ్చగా విచ్చుకునేది. మొదటిసారి చూసినప్పుడు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఎండిన తర్వాత చిలపలను దులపాలి. అప్పుడు లేచే పచ్చటి దుమ్ము ముక్కులో, జుట్టులో, మూత లేని అన్నం కుండలో పడేది. పడితే ఏమైంది, పసుపు శుభమే కదా అనుకునేవాళ్లం. అవే చేతులతో అన్నం కలుపుకొని తినేవాళ్లం. పిల్లలు వేళ్లు నాకితే తియ్యగా ఉందని నవ్వేవాళ్లు.

నేను నీళ్లోసుకున్నానని తెలిసిన రోజే మా అత్త నన్ను మగ్గం మీది నుంచి లేపింది. మాది గుంట మగ్గం. నేల అంచున కూర్చొని, కాళ్లు గుంటలోకి దించి, కింది పలకలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ ఉండాలి. అట్లా తొక్కితే పొత్తికడుపు గుంజి గర్భం జారుతుందని మా వాళ్ల నమ్మకం. అది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ ఇంట్లో అది వేదవాక్కు. కడుపుతో ఉన్న కోడలు మగ్గం ఎక్కదు, పసుపు పనికి కూర్చుంటుంది.

“గుంటల దిగకు బిడ్డా. గీడ నీడకు కూసోని పసుపు చేసుకో. శుభమైన పని, కడుపుల బిడ్డకు మంచిది,” అంది మా అత్త. తన చేతులతో నా వెనక దిండు కూడా పెట్టింది. పుట్టింట్లో కూడా నాకెవరూ దిండు పెట్టలేదు. నేను మురిసిపోయాను.

ఐదో నెలలో కడుపు పోయింది. తొలిచూలు కదా, ఎవరి దిష్టో తగిలిందన్నారు. రెండోది మూడో నెల దాటలేదు. ఈసారి నా నడకలో ఏదో తప్పుందన్నారు, నేను గట్టిగా నవ్వుతానన్నారు, గడప మీద కూర్చున్నానన్నారు. మూడోసారి నవ్వడం మానేశాను. గడప వైపు చూడను కూడా లేదు. అప్పటికే నోట్లో ఎప్పుడూ తియ్యగా, చిలుముగా ఒక రుచి. కడుపులో పేగులు మెలిపెట్టినట్టు నొప్పి. మంత్రసాని వేడి చేసిందని మజ్జిగ తాగించేది. మణికట్లలో బలం తప్పి చేతిలోని చెంబు జారిపోయేది. అయ్యో, పిల్ల నీరసించిపోయిందని మా అత్త ఇంకే పనీ ముట్టనివ్వకుండా రోజంతా గోలెం దగ్గరే కూర్చోబెట్టేది.

ఆ మూడో కాన్పు ఎనిమిదో నెలలో అయింది. మగపిల్లవాడు. చేతి వేళ్లకు గోళ్లు కూడా వచ్చాయి. అరవలేదు, కదలలేదు. మా అత్త పాత చీర ముక్కలో చుట్టి పెరట్లో, రంగు నీళ్లు పారబోసే గోడ పక్కన పూడ్చిపెట్టించింది. అక్కడ గడ్డి కూడా మొలవదు, అందుకే ఆ జాగా ఖాళీగా ఉంటుంది. నేను పక్క మీద నుంచి లేచి వెళ్లి ఆ మట్టి మీద పడుకుంటానని గోల చేశాను. నన్ను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు నేను దేవుణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను.

మా బాపు వచ్చి నన్ను పుట్టింటికి తీసుకుపోయాడు. అక్కడి నుంచి మా అమ్మ నన్ను నల్లగొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. పట్నం నుంచి వచ్చిన మనిషి, కళ్లద్దాల మీది నుంచి చూసేది. అన్నీ అడిగింది. ఎన్ని కాన్పులు, ఏ నెలలో, రక్తం ఎంత పోయింది. తర్వాత అడిగింది.

“నువ్వేం పని చేస్తవమ్మా?”

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. “ఏం పని లేదమ్మా. అత్తగారోళ్లు బంగారమసొంటోళ్లు. కడుపు పడ్డదంటే కాలు కింద పెట్టనియ్యరు.”

నేనూ తల ఊపాను. అబద్ధం చెప్పాలని కాదు. మా లెక్కలో పని అంటే మగ్గం. పసుపు పిండటం విశ్రాంతి.

డాక్టరమ్మ మందు రాసి పంపించేసేదే. నాలుక చూడాలని నోరు తెరవమంది. పెదవి కిందికి లాగి చాలాసేపు చూసింది. పళ్ల మొదళ్లలో చిగుళ్ల అంచు వెంట సన్నటి నల్లగీత ఉందట. పళ్లపొడి ఏం వాడతావు, సుర్మా పెట్టుకుంటావా, నాటు మందు ఏదైనా మింగావా అని అడిగింది. అన్నిటికీ లేదన్నాను. అప్పుడు నా చేయి పట్టుకొని గోళ్ల సందుల్లోకి చూసింది.

“గిదేంది?”

“రంగమ్మా. పసుపు. నూలుకు ఏసేది.”

“ఏం పని చేయనన్నవ్ గదా?”

“కూసోని చేసేదే గదా అమ్మా. గది పనెట్లయితది?”

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తెల్ల మందు ఎట్లా ఉంటుంది, తియ్యగా ఉంటుందా అని అడిగింది. తియ్యగానే ఉంటుందని నేను చెప్పగానే కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“గది సీసం తల్లీ. విషం. ఛాపఖానాల అచ్చరాలు పేర్చేటోళ్లకు చిగుళ్ల మీద గీ గీత చూసిన. ఆడమనిషికి చూసుడు ఇదే మొదలు. చేతులకెల్లి నోట్లకు పోతది, దుమ్ముల కలిసి ఊపిరిల పోతది. రక్తంల తిరిగి తిరిగి బొక్కల్ల, గా ఎముకలల్ల దాక్కుంటది. కడుపుల పిండం పెరగాల్నంటే తల్లి బొక్కలకెల్లి సున్నం గుంజుకుంటది. దానెంబడి గీ విషం గూడ వస్తది. బిడ్డకు తిండి అందిచ్చే మాయ దీన్ని ఆపలేదు. మాయ చెడిపోతది. గర్భసంచి లోపలి పొర బిడ్డను పట్టుకోలేక ఇడిసిపెడతది. ఇంకా గదే పని చేసినవనుకో, అండాశయం గూడ ఎండిపోతది. నెలసరి నిలిచిపోతది. అప్పుడిగ ఎవ్వరేం చేయలేరు.”

మా అమ్మ కింద కూలబడింది. నాకు మాత్రం ఏమైందో తెలుసా, ప్రాణం లేచి వచ్చింది. అంటే నా నవ్వు కాదు. నా నడక కాదు. గడప కాదు. నా మీద ఎవరి దిష్టీ లేదు.

“మల్ల నాకు పిల్లలైతరా అమ్మా?” అని అడిగాను.

“రెండేండ్లు దాని దిక్కు పోకు. దాని దుమ్ము గూడ తగలొద్దు. మంచిగ తిను. అయితరని మాట ఇయ్యలేను, గానీ ఆశ ఉన్నది,” అంది.

ఆ ఆశ అనే మాట పట్టుకొని అత్తగారింటికి తిరిగి వెళ్లాను. చెబితే అందరూ సంతోషిస్తారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! మా అత్త ఒంటికాలి మీద లేచింది.

“పసుపు ఇసమా? మూడు తరాలు దీనిమీదనే బతికినం. నా కొడుకు గీ పసుపు ఇంట్లనే పెరిగిండు!”

నాకు నోరు ఊరుకోదు. “నీ కొడుకు పుట్టింది యాడ అత్తమ్మా?” అన్నాను.

మా అత్త తల్లి మంచంలో పడితే, మా ఆయన కడుపున పడ్డ నాటి నుంచి కాన్పు దాకా పుట్టింట్లోనే ఉండి తల్లికి సేవ చేసిందని ఆమే నాకు చెప్పింది. వాళ్ల ఊళ్లో రంగు పని లేదు. ఆ ఒక్క బిడ్డే బతికాడు. మిగతా వాళ్లంతా ఈ ఇంట్లో, ఈ గోలెం దగ్గర కూర్చున్నప్పుడు పోయినవాళ్లే. వాళ్లూ ఆ గోడ పక్కనే ఉన్నారు.

ఆమెకు అర్థమైంది. ఆమె మొహంలో నేను చూశాను. అర్థం కావడం వల్లే అంత కోపం వచ్చింది. నేను చెప్పింది నిజమైతే ఆ పిల్లలను ఎవరు చంపినట్టు? ఆ మాట ఏ తల్లి ఒప్పుకుంటుంది? నా జుట్టు పట్టుకొని, “నా పిల్లలను నేనే సంపుకున్ననంటవా?” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. నేను ఆ మాట అనలేదు. ఆమె నోటి నుంచే వచ్చింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య సవ్యంగా ఒక్క మాట నడవలేదు.

మా ఆయన మెత్తటి మనిషి. తల్లికీ భార్యకూ మధ్య నలిగేవాడు. “డాక్టరమ్మ చెప్పింది గదా, కొన్ని దినాలు మగ్గం మీద కూసోనియ్యమ్మా,” అని తల్లిని బతిమిలాడాడు. నేను మగ్గం ఎక్కాను. పసుపు పని అత్త చేసుకుంది. దులిపే వేళ నేను వాకిట్లోకి పోయి కూర్చునేదాన్ని. నా అన్నం వేరే కుండలో వండుకొని మూత పెట్టుకునేదాన్ని. దానికి నన్ను ఎన్ని మాటలన్నారో! పడుచు కోడలు నెలల తరబడి మగ్గం మీదే కూర్చుందంటే వాడ మొత్తానికి ఒకటే అర్థం, దాని కడుపు మీద ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్నారని.

ఆశ వదులుకోనిది నేనొక్కదాన్నే. మెల్లగా నోట్లో చిలుము రుచి పోయింది. కడుపు నొప్పి తగ్గింది. నెలసరి సరిగ్గా రావడం మొదలైంది. అద్దంలో పెదవి లాగి చూసుకునేదాన్ని, నల్లగీత పలచబడింది. నేను బాగుపడుతున్నాను అని ఎవరికి చెప్పను?

సరిగ్గా అప్పుడే మా అత్త కొడుక్కి రెండో పెళ్లి చేసింది. అట్లా చేయకూడదని చట్టం వచ్చిందని అంటుండేవాళ్లు, కానీ ఆ చట్టం మా వాడ దాకా రాలేదు. మా ఆయన నా కళ్లలోకి చూడకుండా తాళి కట్టడానికి పోయాడు. నేను ఆ రోజు మగ్గం దిగలేదు. పొద్దుగూకేదాకా నేస్తూనే ఉన్నాను. పోగులు తెగితే ముడేసుకుంటూ, ఏడ్చుకుంటూ నేశాను.

వచ్చిన పిల్లను ద్వేషించాలనే అనుకున్నాను. కుదరలేదు. బక్కపలచని పిల్ల, ఊరికే నవ్వేది, పొద్దున లేస్తే “అక్కా, నేనేం చెయ్యాలె?” అని నా వెంటే తిరిగేది. ఏడాది తిరగకుండానే నీళ్లోసుకుంది. మా అత్త సంబరం చెప్పలేను. వాడంతా బెల్లం పంచింది. పంచి వచ్చి, ఆ పిల్ల చేయి పట్టుకొని పెరట్లోకి నడిపించింది. గోలెం పక్కన నీడలో కూర్చోబెట్టింది. వెనక దిండు పెట్టింది.

నేను మగ్గం దిగి పెరట్లోకి పరుగెత్తాను.

“అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత. దీన్ని గీడ కూసోపెట్టకు. కావాల్నంటే ఇంట్ల తెల్లనూలు కండెలు చుట్టనియ్యి,” అన్నాను.

“చూసినవా, ఓర్వలేకున్నది,” అంది ఆమె ఆ పిల్లతో. “శుభమైన పని నీకు దక్కొద్దని చూస్తాంది. రేపు నిన్ను మగ్గం మీద కూసోపెట్టి కడుపు పోగొడతది.”

ఆ పిల్ల నా వైపు భయంగా చూసింది. అప్పటి నుంచి నా చేతి నీళ్లు కూడా తాగలేదు. పక్కకు తీసుకుపోయి డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను, చిగుళ్లు చూపించాను. “అక్కా, నాకు భయమైతాంది, నన్ను ఇడిసిపెట్టు,” అని ఏడుస్తూ పరుగెత్తింది. మా ఆయనకు చెప్పాను. “మల్ల గదే లొల్లి తీసినవా? పిల్ల పుట్టేదాక జర ఊకో,” అన్నాడు. ఒకనాడు ఆవేశం పట్టలేక తెల్ల మందు గోలెం తన్ని పగలగొట్టాను. పెరడంతా పారింది. మా అత్త నన్ను కొట్టింది, వాడ ఆడవాళ్లు మొహాన ఉమ్మినంత పని చేశారు. మర్నాటికి కొత్త గోలెం వచ్చింది, కొత్త మందు వచ్చింది. ఆ పిల్ల మళ్లీ చేతులు ముంచింది.

కొద్ది దినాలకు ఆ పిల్ల పొట్ట పట్టుకొని వంగిపోవడం చూశాను. ఆ నొప్పి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మంత్రసాని వచ్చి మజ్జిగ తాగించమంది.

నిజం చెబితే నమ్మేవాళ్లు ఆ ఇంట్లో లేరు. అబద్ధమైతే నమ్ముతారని అప్పుడు తట్టింది. నేను తలకు పోసుకొని, కొత్త చీర కట్టుకొని, మా అత్త కాళ్ల మీద పడ్డాను. వాడ ఆడవాళ్లందరి ముందు పడ్డాను.

“తప్పయింది అత్తమ్మా. ఆ డాక్టరమ్మ మాటలు పట్టుకొని పసుపును ఇసమన్న. గందుకే నా కడుపు పండుతలేదు. నా పాపం కడుక్కోనియ్యి. ఇగ పసుపు పనంత నేనే చేస్త. ఒక్క చిలప గూడ ఎవ్వరూ ముట్టొద్దు. నాకు గూడ ఆ శుభం తగలనియ్యి.”

మా అత్త కళ్ల నుంచి నీళ్లు కారాయి. పసుపును విషమన్న నోటితోనే కాదని నేను అనేశాను, అంటే ఆమె పిల్లలను ఆమె చంపుకోలేదన్నట్టే. ఆమెకు కావలసింది అదే. నన్ను లేపి బొట్టు పెట్టింది. ఆ పిల్లను ఇంట్లో కండెలు చుట్టే పనికి మార్చింది. నేను గోలెం ముందు కూర్చున్నాను.

డాక్టరమ్మ చెప్పిన రెండేళ్లు ఇంక నిండబోతున్నాయి. నాకు తెలియక కూర్చోలేదు. చేతులు ముంచుతుంటే ఏం పోగొట్టుకుంటున్నానో నాకు తెలుసు. ఆ పిల్ల మీద ప్రేమతో చేశాననుకుంటారేమో, కాదు. ఆ గోడ పక్కన ఇంకో గుంట తవ్వడం నేను చూడలేను, అంతే. గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసి, ఆ పిల్ల బావికి పోయినప్పుడే చిలపలు దులిపేదాన్ని. దాని అన్నం కుండకు మూత నేనే పెట్టేదాన్ని. నోట్లో తియ్యటి చిలుము మళ్లీ వచ్చింది. ఒక నెల నెలసరి తప్పింది. ఎగిరి గంతేసినంత ఆశ పుట్టింది. తర్వాతి నెలా తప్పింది, ఆ తర్వాతా తప్పింది. కడుపు మాత్రం రాలేదు. ఇంకెప్పుడూ నెలసరి రానేలేదు. అప్పటికి నాకు ముప్పై కూడా లేవు.

ఆ పిల్ల నెలలు నిండి కన్నది. ఆడపిల్ల. నేను పెరట్లో నూలు పిండుతుంటే లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ ఏడవగా నేను వినడం అదే మొదటిసారి.

మా అత్త పిల్లను గుడ్డలో చుట్టి, ఆడవాళ్లను వెంటబెట్టుకొని పెరట్లోకి తెచ్చింది. “ఇగో, నీ పసుపు చలవనే. పట్టుకో, నువ్వు గూడ తల్లివే,” అంది. మనసారానే అంది. ఎర్రటి మొహం, బిగించిన పిడికిళ్లు, నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పుతూ ఏదో వెతుక్కుంటోంది. దాన్ని గుండెలకు అదుముకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. నా చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. నేను వెనక్కి జరిగాను.

“పట్టుకోవే,” అంది మా అత్త.

“ఒద్దు,” అన్నాను.

ఆమె మొహం మాడిపోయింది. పిల్లను తన భుజానికి వేసుకొని ఆడవాళ్ల వైపు తిరిగింది.

“చూసిండ్రా, కడుపుల ఎంత కుళ్లున్నదో. పసిదాన్ని ముట్టను గూడ ముడ్తలేదు,” అంది.

నేను తిరిగి నూలు పిండటం మొదలుపెట్టాను.